మీది ఏ షిఫ్టు?



నేను బడిపంతులుగా బొగ్గుగనుల ఊరగు గోదావరిఖనికి వచ్చి, ఒక చిన్న పెంకుటింటి ముందు సామాను దించుకొనుచున్న దినమున, ప్రక్కవాకిట నులకమంచముపై కూర్చున్న ఒక పెద్దాయన నా పుస్తకాల పెట్టెలను, నన్ను, ట్రాలీ నడుపు కుఱ్ఱవానిని వరుసగా పరికించి, "షిఫ్టయిండ్రా సారూ?" అని పలుకరించెను. ఇల్లు మారితిరా యని యాయన భావము. అయినదంటిని. ఆయన తల పంకించి, ఊపిరి తిరుగకమునుపే, "మరి ఏ షిఫ్టు?" అని రెండవ ప్రశ్న వేసెను. ఇల్లు మారుటలో రకములుండునా, వానికి సంఖ్యలు గూడ నుండునా యని నేను తెల్లబోయి నిలువగా, నా యజ్ఞానమునకు జాలిపడి, "గదే సారూ, పొద్దుగాలనా, పగటీలనా, రాత్రా? బడికైనా ఓ టైముంటది గద!" అని ఆయనయే విప్పి చెప్పెను. ఒక్క నిమిషములో, ఒక్క నోటినుండి, ఒక్క మాట రెండర్థములతో వెలువడినదనియు, పలికినవానికి ఆ రెంటి నడుమ ఎట్టి సంకరమును లేదనియు, తికమక పడినవాడను భాష నేర్పుటయే బ్రతుకుతెరువుగా గల నేనొక్కడననియు నాకప్పుడు బోధపడినది.

పేటలోని వారందరును కాకా యని పిలుచు ఆ పెద్దాయన, ముప్పది యేండ్లకు పైగా భూగర్భమున బొగ్గు నింపి విశ్రాంతి తీసుకొన్న కార్మికుడు. ఆయన నాకు పెట్టిన ఆ తొలిపరీక్షలో తప్పిననాటినుండి ఈ మాట నన్ను వెంటాడుచునే యున్నది. కనుక నేటి రేడియో ప్రసంగమునకు దానినే విషయముగా గైకొనుచున్నాను.

ఇంగ్లీషు నిఘంటువును తెరచినచో షిఫ్టు అను పదము క్రింద పేరాలకు పేరాలు సాగిపోవును. అంత దూరము పోనక్కరలేదు; గోదావరిఖని చౌరస్తాలో ఒక పూట నిలుచున్నచో చాలును. ఇల్లు మారినవాడు షిఫ్టయినాడు. గుండెనొప్పి వచ్చినవానిని ఇక్కడి ఆసుపత్రినుండి హైదరాబాదునకు షిఫ్టు చేసిరి. ప్రమోషను మీద కొత్తగూడెము పోయిన ఉద్యోగి కుటుంబమునింకను షిఫ్టు చేయలేదు. పిల్లలు పెరిగి గదులు చాలని బడి రెండు షిఫ్టులుగా నడచుచున్నది. ప్రవేశపరీక్ష వ్రాయబోవు బాలికను మేనత్త "నీది ఏ షిఫ్టే?" అని అడుగుచున్నది. రోడ్డు వెడల్పునకు అడ్డము వచ్చిన కరెంటు స్తంభమును షిఫ్టు చేయవలెనని వార్డువారు అర్జీ పెట్టినారు. ఇక చౌరస్తాను విడిచి ఆకాశమువైపు చూచినను తప్పించుకొనజాలము. దూరమునకు పరుగిడు నక్షత్రవీథుల కాంతి ఎఱుపువైపు జరుగుటకు గూడ ఖగోళశాస్త్రజ్ఞులు వాడునది ఈ మాటయే.

ఇన్ని పనులకు మనకు మాటలు లేకపోలేదు. మనము ఇల్లు మారెదము, రోగిని తరలించెదము, బల్లను జరిపెదము, మందను తోలెదము, ఉద్యోగిని బదిలీ చేసెదము, బడిని పూటలుగా నడిపెదము, నీటిని వంతులవారీగా విడిచెదము. కదలుచున్నది మనిషియా, పశువా, వస్తువా, కాలమా యన్నదానినిబట్టి క్రియ మారిపోవు భాష మనది. ఇంగ్లీషు ఇవన్నియు ఒక్క సంచిలో వేసి మూతి కట్టినది. అంతటితో ఊరకుండక ఉపాయమునకును, మాయోపాయమునకును, కట్టువిడుపులకు ఉంచుకొన్న రెండవ జతకును, ఆ వరుసలో స్త్రీలు లోపల ధరించు వదులుచొక్కాకును గూడ ఒకప్పుడు ఈ పేరే పెట్టినది.

టైపు మిషనుపై గల షిఫ్టు మీట కథ ముచ్చటైనది. 1878లో వెలువడిన రెమింగ్టను రెండవ నమూనా యంత్రమున ఆ మీటను నొక్కినప్పుడు కాగితమును మోయు భాగము నిజముగనే తన స్థానమునుండి జరిగి, చిన్నయక్షరము పడవలసినచోట పెద్దయక్షరము పడునట్లు చేసెడిది. నేడు కంప్యూటరుమీద ఏ భాగమును ఎక్కడికిని జరుగదు. పేరు మాత్రము నిలిచియున్నది. మన తెలుగునకు చిన్నయక్షరములు, పెద్దయక్షరములు లేవు గనుక ఆ మీట మనకు వేరొక సేవ చేయుచున్నది. ఇన్‌స్క్రిప్టు అను కీబోర్డు పద్ధతిలో కకారపు మీటను షిఫ్టుతో కలిపి నొక్కిన ఖకారము వచ్చును. అనగా ఆ పద్ధతిలో గోదావరిఖని యని మా ఊరి పేరు వ్రాయబూనినవాడు చివరి రెండక్షరములకడకు వచ్చుసరికి షిఫ్టును ఆశ్రయింపక తప్పదు. ఈ ఊరిలో బ్రతుకుటకే గాక, ఈ ఊరి పేరు వ్రాయుటకును షిఫ్టు కావలెను!

హాస్యమటుంచి, ఇన్ని యర్థములను ఒక్కచో పట్టి నిలిపిన దారమేది? పదముల పుట్టుపూర్వోత్తరములు వెదకువారు చెప్పునదేమనగా, ప్రాచీనాంగ్లమున ఈ మాట మూలమునకు అమర్చుట యనియు, విభజించి పంచుట యనియు అర్థము. జరుగుట, మారుట యనునవి తరువాత వచ్చి చేరిన అర్థములు. పంచినది ఒక చేతినుండి వేరొక చేతికి పోవునుగదా, ఆ దారినే పంపకము మార్పుగా పరిణమించియుండును. పదునెనిమిదవ శతాబ్దమున, అలసిన గుఱ్ఱముల స్థానమున బండికి కట్టు క్రొత్త గుఱ్ఱముల జట్టునకు ఈ పేరు వాడిరి. పందొమ్మిదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో అదే మాట మనుష్యుల పనివేళకు పేరుగా కనబడుచున్నది. అదియు మిల్లులలో గాదు, కచేరీలలో గాదు, మొట్టమొదట గనులలోనే. గుఱ్ఱములనుండి మనుష్యులకు, అందులోను గనిమనుష్యులకు, ఈ మాట సంక్రమించిన వరుసను తలచుకొన్నప్పుడు మనస్సు ఒకింత చివుక్కుమనును గాని, నేడు ప్రపంచమంతట ఆసుపత్రులలో, విమానాశ్రయములలో, ఈ రేడియో కేంద్రములో గూడ వాడబడుచున్న ఈ పదమును లోకమునకిచ్చినవాడు గనికార్మికుడే యన్న సంగతి మా కోల్‌బెల్టువారు గర్వముతో చెప్పుకొనదగినది.

జర్మను భాషలో దీనికి వినికిడిలో దగ్గఱగా నుండు మాట యొకటి కలదు. అది షిఖ్ట్. ఆ భాషలో దానికి పొర యనియు అర్థము, పనివంతు అనియు అర్థము. గోదావరిలోయలో ఇరువదియైదు కోట్ల సంవత్సరములకు పూర్వపు అడవులు పొరలు పొరలుగా కూరుకొని బొగ్గైనవి. ఆ పొరలను మావారు సీములందురు, పైనుండి క్రిందికి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని సంఖ్యలతో పిలుతురు. భూమిలో పొరమీద పొర, భూమిమీద జట్టు వెనుక జట్టు. ఈ రెంటికిని ఒకే పేరు పెట్టుటకు గనిలో దిగినవాని చూపు కావలెను.

అయినను, పంచుట, వంతు, మార్పు అను మూడును ఒక్కచో కలసిన మాట కొఱకు జర్మనీ వఱకు పోనేల? వంతు అను మన మాటనే చూడుడు. అన్నదమ్ములు పొలము పంచుకొన్నప్పుడు వచ్చిన వాటాయును వంతే. ఒకరి తరువాత ఒకరు చేయుపనిలో తన తరి వచ్చుటయును వంతే. ఈ రెండవ వంతు ఎంత విలువగలదో చెరువుక్రింద సేద్యము చేసిన తెలంగాణమువానికి చెప్పనక్కరలేదు. నీరటికాడు తూము విప్పి, ఈ రాత్రి ఎవరి వంతో చూచి, ఒక మడి గండి మూసి మఱియొక మడి గండి తెఱచుచుండగా, తన వంతు నీటికై పాఱ భుజమున వేసికొని, లాంతరు చేతబట్టి, నడిజామున గట్టుమీద గూర్చున్న రైతు కొడుకులే గదా, తరువాత ఆ పాఱలతోనే వచ్చి గోదావరిఖనిలో గనికార్మికులైనది. వారికి షిఫ్టు అను మాట క్రొత్తది గావచ్చును. దాని లోపలి భావము తాతలనాడే తెలిసినది. నీటి వంతుకు మాఱుగా చీకటి వంతు వచ్చినది. లాంతరు చేతినుండి నెత్తిమీదికి ఎక్కినది.

మన పంచాంగపు లెక్కతో ఈ వంతులు ఎంత చక్కగా పొసగునో చూచిన ఆశ్చర్యము కలుగును. మన అహోరాత్రమునకు అఱువది ఘడియలు. ఎనిమిది గంటల షిఫ్టనగా సరిగా ఇరువది ఘడియలు. ఒక్క విఘడియయైనను మిగులకుండ దినము మూడు సమభాగములుగా తెగిపోవుచున్నది. సాధారణముగా మా గనులలో ఉదయము 7 గంటలకు మొదటి షిఫ్టు, మధ్యాహ్నము 3 గంటలకు రెండవది, రాత్రి 11 గంటలకు మూడవది. గనినిబట్టి కొంచెము ముందువెనుకలు. మూడవదానిని మూడవదని ఎవరును అనరు. అది నైటు. కార్యాలయములవారి వేళకు జనరల్ షిఫ్టని పేరు. ఆ మాటను భూగర్భకార్మికుడు పలుకునప్పుడు కొంచెము అసూయ, కొంచెము పరిహాసము కలసి వినబడును.

ఈ విభజన కేవలము ఆచారము గాదు, శాసనము. 1952 నాటి గనుల చట్టము, భూగర్భమున పనిచేయువాని వేళకు దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు హద్దు గీచి, ఆ హద్దునకు లోబడిన షిఫ్టుల పద్ధతిలో తప్ప భూమిలోపల పని నడుపరాదని స్పష్టముగా విధించినది. అదే చట్టమున సెలవుల లెక్క చెప్పుచోట ఇంకొక సూక్ష్మముండెను. భూమిమీద పనిచేయువానికి ఏడాది సేవ పూర్తియైనట్లు లెక్కించుటకు 240 హాజరులు కావలసియుండగా, భూమిలోపల పనిచేయువానికి 190 చాలెడివి. లోపలి దినము బయటి దినముకంటె బరువైనదని శాసనకర్తలే తూచి చెప్పినట్లయినది. ఈ హాజరును మావారు మస్టరందురు. "ఈ నెల ఎన్ని మస్టర్లు?" అన్న ప్రశ్నలో జీతము, ఆరోగ్యము, ఇంటి పరువు మూడును ఇమిడియుండును, మస్టరు తప్పుట నాగా.

వంతు అనునది మా గనులను నడుపు సింగరేణి సంస్థ చరిత్రలోనే కలదు. 1871లో భూగర్భశాస్త్ర సర్వేకు చెందిన డాక్టరు విలియం కింగు ఇల్లెందు ప్రాంతమున బొగ్గు ఉనికిని గుర్తించెను. 1886లో ఇంగ్లండున నమోదైన హైదరాబాదు దక్కను కంపెనీ త్రవ్వకపు హక్కులు పొందెను. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీసు కంపెనీ యను పేరు వెలసినది. 1945లో అధికభాగము వాటాలు నిజాము చేతికి వచ్చినవి. నేడు రాష్ట్రప్రభుత్వమునకు నూటికి 51, కేంద్రమునకు 49 వంతులు. ఇల్లెందు దగ్గఱి సింగరేణి యను పల్లె పేరు గోదావరి దరికి షిఫ్టయి, ఆ పల్లెను ఎన్నడును చూడని లక్షలమంది నోట ఇంటిపేరువలె నిలిచినది. "సింగరేణిల జేస్తుండు" అన్న ఒక్క మాటతో మా ప్రాంతమున పెండ్లి సంబంధములు కుదిరిన కాలము కలదు.

ఇక షిఫ్టు మారు వేళను దగ్గఱనుండి చూతము. మధ్యాహ్నము మూడు గంటలు కావచ్చినది. సైరను కూసినది. గనిలోనికి దిగు ఇంక్లైను ముఖద్వారమునకు కొంత దూరమున ల్యాంపు రూము కిటికీ. ఇవతల రెండవ షిఫ్టువారు ఉతికిన బట్టలతో, నూనె రాచిన తలలతో, అన్నపు టిఫినులతో వరుసగా నిలిచి, సంఖ్య చెక్కిన బిళ్ల లోపలికిచ్చి, క్యాపు ల్యాంపును అందుకొని, దాని బరువైన డబ్బాను నడుమునకు బిగించుకొనుచున్నారు. అవతల ఏటవాలుగా పైకి వచ్చు త్రోవలో ముందు చిన్న చిన్న వెలుగులు కనబడును, పిమ్మట బూట్ల చప్పుడు, ఆ వెనుక మనుష్యులు. మొదటి షిఫ్టువారు వెలుతురులోనికి రాగానే కన్నులు చికిలించి, నెత్తిమీది దీపము ఇంకను వెలుగుచునే యున్నదని అప్పుడు జ్ఞాపకము వచ్చి, చేయెత్తి ఆర్పుదురు. పోవువాడును వచ్చువాడును ఎదురుపడుదురు.

"ఎట్లున్నది బావా లోపట?"

"ఇరవై రెండో లెవల్ల నీళ్లున్నయ్. పైకప్పు సూసుకోండ్రి, సప్పుడైతున్నది."

ఇంతే. బడులలోను కచేరీలలోను ఒకరి పని యొకరికి అప్పగించునప్పుడు కాగితములు కట్టలు కట్టలుగా చేతులు మారును. ఇక్కడ మారినది రెండు వాక్యములు. ఆ రెండింటిలో ఒక మనిషి ప్రాణము ఇంకొక మనిషి చేతిలో పెట్టబడినది. బిళ్ల వెనుకకు తీసికొని దీపమును తిరిగి ఇచ్చినవాడు బయటికి వచ్చినట్లు లెక్క. చెప్పిన వేళకు దీపము రాక, బిళ్ల ఒంటరిగా మిగిలిపోయినచో, ల్యాంపు రూములోని మనిషి మొదట గడియారమువైపు, తరువాత ఫోనువైపు చూచును.

మాట ఇంగ్లీషుదే యైనను దానికి కట్టిన క్రియలన్నియు తెలుగువే యన్నది గమనింపదగిన సంగతి. హలంతమును సహింపని మన నాలుక దాని చివర ఉకారమును చేర్చినది. ఫకారమును పకారముగా మార్చి షిప్టు అనువారును కలరు. పిదప దానిని తెలుగు కాపురమునకు తెచ్చుకొన్నది. షిఫ్టు పడును: "ఈ వారం నాకు నైటు వడ్డది" అనగా వర్షము పడినట్లు, జ్వరము తగిలినట్లు, మన ప్రమేయము లేకుండ వచ్చినదని భావము. షిఫ్టు కొట్టుదురు: విడువకుండ రెండు చేసినవాడు "రెండు షిఫ్టులు గొట్టిండు". షిఫ్టు తప్పును. షిఫ్టు మారును, మార్పు అను అర్థము గల మాటయే మరల మారుట యన్న పునరుక్తి ఎవరికిని తట్టదు. అన్నిటికంటె విచిత్రమైనవి ఎక్కుట, దిగుట అనునవి. లోకమంతట డ్యూటీ ఎక్కుట యనగా పనిలో ప్రవేశించుట, దిగుట యనగా ముగించుట. గనిలో కాలు పెట్టువాడు చేయునది దిగుట, ముగించువాడు చేయునది ఎక్కుట. గనిని మావారు బాయి యందురు గదా. కనుక మా ఊరిలో మనిషి డ్యూటీ ఎక్కి బాయి దిగును, బాయి ఎక్కి డ్యూటీ దిగును. వ్యాకరణమునకు తల తిరుగవలసిన ఈ వాక్యమును మొదటి తరగతి పిల్లవాడు తడుముకొనక చెప్పును.

బదిలీ యన్న మాట గతియును ఇట్టిదే. షిఫ్టునకు పర్యాయముగా నిఘంటువు ఇచ్చు ఆ పదము, ఇతరచోట్ల ఉద్యోగిని ఊరు మార్చుట యని చెల్లుచుండగా, మా గనులలో మనిషికే పేరైనది. రాని కార్మికుని స్థానమున పని చేయ వచ్చువాడు బదిలీ కార్మికుడు. తెల్లవారుజామున వచ్చి, ఎవరు నాగా పెట్టుదురా యని గని ఆఫీసు ముందు కనిపెట్టుకొని యుండి, ఇతరుల గైరుహాజరీలను ఏరుకొని తన మస్టర్లు పోగుచేసికొని, ఏనాటికో పర్మనెంటగుటయే ఆ బదిలీవాని తపస్సు. తనదంటూ ఒక షిఫ్టు లేనివాని బాధ, నైటు షిఫ్టు పడినవాని బాధకంటె పెద్దది.

నైటు పడిన ఇంటిని చూచితిరా? మా రామగుండపు వేసవి ఎట్టిదో రాష్ట్రమంతటికి తెలియును. ఆ మే నెల మధ్యాహ్నమున, కిటికీకి గొంగడి వ్రేలాడదీసి, తలుపు దగ్గఱగా వేసి, ఇల్లాలు గడపమీద కావలియుండును. "మీ నాయిన నైటు షిఫ్టు జేసొచ్చి పండిండు, సప్పుడు జేయకుండ్రి" అన్న హెచ్చరిక వినుచు పెరిగిన పిల్లలు ఆటలలో గూడ నోటితో అఱవక సైగలతో కొట్లాడుకొందురు. కూరగాయల బండివాడు ఆ వాకిట గొంతు తగ్గించును. చుట్టములు వచ్చినచో అరుగుమీదనే మంచినీళ్లు. అట్లు ఒక్క వారము. మఱుసటి వారము షిఫ్టు మారి, నిద్ర మారి, ఆకలి మారి, శరీరము పాత లెక్కను మఱచులోపల క్రొత్త లెక్క మొదలగును. ఆ ఇంటనే కొడుకు థర్మల్ స్టేషనులోనో ఎరువుల కర్మాగారములోనో పనివాడైనచో, తండ్రికి రాత్రియైనది కొడుకునకు పగలు. 2600 మెగావాట్ల రామగుండపు విద్యుత్కేంద్రమున టర్బైనునకు నిద్ర లేదు; అది నిద్రపోకుండుటకై మనుష్యులు తమ నిద్రను మూడు వంతులు చేసికొన్నారు. మనమిప్పుడు వేసికొన్న ఫంకా, వెలిగించిన దీపము, వినుచున్న ఈ రేడియో, ఏ ఇంటనో గొంగడి కప్పిన కిటికీకి ఋణపడియున్నవి.

ఇంతవఱకు షిఫ్టనగా వంతు. ఈ మాటకు రెండవ ముఖముగూడ మా నేలమీదనే కనబడినది. భూగర్భపు గనులతో పాటు ఓపెన్‌కాస్టులు వచ్చినవి. నేలక్రింద బొగ్గును తీయుటకు సొరంగము త్రవ్వక, పైనున్న నేలనే ఎత్తివేయు పద్ధతి యిది. పైమట్టిని షిఫ్టు చేయుదురు. ఆ మట్టి కుప్పలై, కుప్పలు గుట్టలై, నిన్న లేని కొండలు నేడు తూర్పున నిలిచి, సూర్యోదయమును కొంత ఆలస్యము చేయుచున్నవి. మట్టితో పాటు ఊళ్లును షిఫ్టయినవి. మేడిపల్లివంటి పేర్లు ఒకనాడు ఊరికి చెందినవి, పిదప ఓపెన్‌కాస్టునకు చెందినవి. మనిషి ఇల్లు మారినప్పుడు సామాను సర్దుకొనిపోవును. ఊరు మారినప్పుడు ఏది సర్దుకొనవలెను? బొడ్రాయిని పెకలించి తేవచ్చును, పోచమ్మను క్రొత్త గద్దెపై నిలుపవచ్చును. చేదబావి నీటి రుచిని ఏ లారీ మోయును? క్రొత్త కాలనీలో వరుస యిండ్ల నడుమ నిలిచి ఒక ముసలమ్మ, "మా ఊరు షిఫ్టయింది బిడ్డా" అని నాతో అన్నప్పుడు, ఆ మాటలో వంతు అను అర్థము కొఱకు నేను వెదకితిని. పంచుట యని పుట్టిన పదమున ఆమె పాలికి వచ్చిన భాగమేది? పరిహారపు లెక్కలు ఆమె కొడుకు చెప్పెను. ఆమె మాత్రము పోయిన చింతచెట్టు ఏ దిక్కున నుండెడిదో చేయి చాచి చూపబోయి, క్రొత్తచోట దిక్కు తెలియక, చేయి దించుకొన్నది.

కాబట్టి శ్రోతలారా, ఒక మాటకు అర్థములు పెక్కు గలవనుట నిఘంటుకారునకు సంఖ్యాశాస్త్రము గావచ్చును. ఆ మాటతో బ్రతుకువారికి ఆ యర్థములు వేర్వేరు మనుష్యుల ముఖములు. ఇల్లాలికి అది పొయ్యి వేళ, బదిలీవానికి ఆశ, ముసలమ్మకు దిక్కుతోచని చేయి. అన్నిటికి అడుగున ఉన్న ప్రశ్న ఒక్కటే: ఈ దినములో, ఈ నేలలో, నీకు వచ్చిన వంతు ఏది? మా కాకా ఆనాడు నన్నడిగినది అదియే యని నాకిప్పుడు తోచుచున్నది.

ఆయన సంగతితోనే ముగించెదను. రేడియోవారికిని ప్రసారములు మూడు వేళలే యని తెలిసి మొన్న ఆయన మిగుల సంతోషించెను. ఉదయపు ప్రసారమును నైటు ముగించుకొని వచ్చి చాయబండి దగ్గఱ నిలుచుండి వినెడివాడట. పని మానియు ఇన్నేండ్లయినది గదా, ఇప్పుడు వేళ ఎట్లు గడచుచున్నదని నేనడిగితిని. సైరను వినబడిన ప్రతిసారి, అర్ధరాత్రియైనను, మెలకువ వచ్చి మంచముమీద లేచి కూర్చుందునని చెప్పి, నవ్వి, "అప్పుడు దినంల ఒక్క షిఫ్టే కంపెనీది, కడమయి నిద్రకు, ఇంటికి సరిపోయేటియి. ఇప్పుడు మూడు షిఫ్టులూ నాయే సారూ!" అనెను.

లోపలినుండి, బియ్యము చెరుగుచున్న చేట చప్పుడు ఒక్క క్షణమాగి, ఆయన భార్య గొంతు వినబడినది:

"నాకు మొదటినుంచీ మూడే."

చేట మరల కదలినది.